గుమ్మానికి ఎడమవైపు కుండ

బుధవారం, లెగి

ఇవాళ వంటలో బయట కొన్నది ఉప్పు ఒక్కటే. కర్రపెండలం లేతాకు ఉడకబెట్టి కొబ్బరిపాలు పోశాను. మిరపకాయలు రోట్లో నూరాను. పొడుగు బొబ్బర్లు పచ్చివే నాలుగు తుంచి పక్కన పెట్టాను. అన్నం వార్చిన గంజి వంకాయ మొక్కకు పోశాను, పొయ్యిలో బూడిద గిన్నెలు తోమడానికి తీశాను. ఈ ఇంట్లోంచి వీధిలోకి పోయేది పొగ తప్ప ఇంకేమీ లేదు.

పోయిన ఏడాది క్యాలెండర్ కాగితాల వెనక ఇది రాస్తున్నాను. మాకు ఏడు వారాలతో పాటు లెగి, పహింగ్, పోన్, వాగె, క్లివోన్ అని అయిదు సంతవారాలూ తిరుగుతుంటాయి, పైన రెండూ వేస్తున్నాను. ముందు వైపు ఒక ఎరువుల కొట్టు వాళ్ళ బొమ్మ, వెనక అంతా తెలుపు. పారేయడానికి మనసొప్పలేదు. ఈ మధ్య నోటికి పెద్దగా పని లేదు కాబట్టి చేతికి కల్పిస్తున్నాను.

ఈయన పనిచేసే బస్సుల కంపెనీ మూతపడి నాలుగు నెలలైంది. ముప్పై ఏళ్ళు బస్సు మెట్టు మీద నిలబడి ఊళ్ళ పేర్లు అరిచిన మనిషి ఒక్కసారిగా ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోలేక, పక్కింటి పాయినెం కూతురు సూర్తి పెళ్ళికి నేను మూడు రోజులు వంట సాయానికి వెళ్ళినప్పుడు, పెరట్లో చేపల చెరువు తవ్వాడు. బావి పక్కన, సరిగ్గా అక్కడే. నేను తిరిగొచ్చేసరికి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నవ్వుతున్నాడు.

నేనేమీ అనలేదు. అప్పటి నుంచీ ఏమీ అనడం లేదు.

మా వైపు పోట్లాటంటే అరుచుకోవడం కాదు, పలుకు మానేయడం. మా వీధిలో కిర్తో ఇంటి అన్నదమ్ములు ఒకే బావి నీళ్ళు తాగుతూ పన్నెండేళ్ళు మాట్లాడుకోలేదు. తాడు మాత్రం ఒకరి చేతికి ఒకరు మర్యాదగానే అందించుకునేవారు. నాది పోట్లాట కూడా కాదు. నాకేం కోపం లేదు. ఈ ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు.

శుక్రవారం, పోన్

మాకు మాటలు లేకపోయినా పనులు ఆగలేదు. మా చుక్కల కోడిపెట్ట ఉంది కదా, చెప్పేవన్నీ దానితోనే.

పొద్దున ఈయన అరుగు మీద కూర్చుని, "పెట్టా, ఎవరైనా ఇంత టీ పోస్తే తాగి చెరువుకి గట్టు వేద్దును" అన్నాడు.

"పెట్టా, టీ మూత కింద ఉంది. బెల్లం ఒక ముక్కే. రెండో ముక్కకి కొబ్బరిచెట్టెక్కి కల్లు గీసి కాచుకోవాలి" అన్నాను.

పెట్ట మా ఇద్దరినీ చూసి దాని పురుగు అది ఏరుకుంది.

మాట్లాడితే ఆ కుండ గురించి నాలుగు మాటలు అనేదాన్ని. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే ఆ పెద్ద మట్టికుండ వంటింటి గుమ్మం దిగగానే ఎడమవైపు ఉంటుంది. నీళ్ళగదిలో కుళాయి వచ్చి పదిహేనేళ్ళు దాటింది. ఊళ్ళో అందరూ కుండలు తీసేశారు, పాయినెం అయితే దాన్ని కోళ్ళగూడు చేసుకుంది. ఈయన మాత్రం రోజూ సాయంత్రం బావి నీళ్ళు తోడి దాన్ని నింపుతాడు. బస్సు కోసం తెల్లారకముందే పరిగెత్తే రోజుల్లోనూ నింపకుండా వెళ్ళలేదు. అది పగిలి కారుతుంది, సిమెంటు పెట్టి అతుకుతాడు, మళ్ళీ కారుతుంది. గుమ్మం పక్కన ఎప్పుడూ బురదే. అక్కడ నిమ్మగడ్డి పెట్టనివ్వు, దుంపరాష్ట్రం పెట్టనివ్వు అని ఎన్నిసార్లు అడిగానో. "వద్దులే, అక్కడొద్దు" అంటాడు. అంతకంటే మాట రాదు.

నీళ్ళ దుబారా నాకు గిట్టదు.

ఆదివారం, క్లివోన్

ఇది రాయకూడదనుకున్నాను. కాగితం నాదే, చదివేదీ నేనే, రాస్తే ఏమైంది.

ఇరవయ్యారేళ్ళ కింద పట్నం ఆసుపత్రిలో మాకు ఒక ఆడపిల్ల పుట్టింది. మంగళవారం క్లివోన్ నాడు. తొమ్మిది రోజులుంది. నాకు ఒళ్ళెరగని జ్వరం, ఆ తొమ్మిది రోజుల్లో నేను దాన్ని చూసింది రెండుసార్లు. ఏటి ఒడ్డున పసిపిల్లల సమాధుల్లో పెట్టామని తర్వాత చెప్పారు. మరుసటేడు ప్రోగో ఏరు పొంగి ఆ గట్టునంతా కోసుకుపోయింది. అక్కడ పెట్టినవాళ్ళెవరికీ ఇప్పుడు చోటు లేదు.

మిగిలింది బిడ్డ వెనక పడిన మాయ ఒక్కటే. మా వాళ్ళు దాన్ని బిడ్డకు తోబుట్టువు అంటారు. తండ్రే కడిగి, చిన్న మట్టికుండలో పెట్టి, ఇంటి దగ్గర పాతి, పైన ముప్పై అయిదు రోజులు దీపం పెట్టాలి. ఇక్కడ పుట్టిన ప్రతి మనిషికీ అలాంటి చోటు ఒకటుంటుంది. ఆ పని ఈయనే చేశాడు. నేను ఇంటికొచ్చేసరికి దీపం లేదు. ఎక్కడ అని అడిగాను. గది నిండా పలకరించడానికి వచ్చినవాళ్ళు. ఈయన మాట లేకుండా బొటనవేలితో పెరటివైపు చూపించాడు. మర్నాడు గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి చూస్తే బావి పక్కన మట్టి కొత్తగా తిరగేసి ఉంది.

ఆడపిల్లదైతే గుమ్మానికి ఎడమవైపు పాతాలని ఈ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. బస్సులో పెరిగిన మనిషికి ఏం తెలుస్తుందిలే, పాతాడు అదే చాలు అనుకున్నాను. అక్కడ ఒక మల్లె నాటాను. ఏటా అందరూ సమాధులకు పూలు తీసుకెళ్ళే నెలలో నేను నా పూలు అక్కడ చల్లుకున్నాను. ఎందుకని ఈయన అడగలేదు. నేను చెప్పలేదు.

ఇప్పుడు అక్కడ వాలుగ చేపలున్నాయి.

బుధవారం, పోన్

చెరువు తవ్విన మట్టి అరటిచెట్ల దగ్గర గుట్టగా ఉంది. మిరపనారు పోయడానికి మంచి మట్టి. రాళ్ళు ఏరాలి కదా అని కూర్చుని పిడికెడు పిడికెడు చేత్తో నలిపి చూశాను. నత్తగుల్లలు, నీలిపూల పింగాణీ పెంకు ఒకటి, ఎవరిదో గొళ్ళెం. మట్టికుండ పెంకు లాంటిదేదీ తగల్లేదు.

తవ్వేటప్పుడు తగిలిందా? తగిలితే ఏం చేశాడు? పారతో ఎత్తి విసిరేశాడా? తగిలినట్టు తెలిసిందా అసలు?

మధ్యాహ్నం నేను అన్నానికి లేచొచ్చేసరికి గుట్ట మీద కొత్త వెదురు జల్లెడ ఒకటి పెట్టి ఉంది. అప్పుడే అల్లినది. ఈయన అటువైపు చూడకుండా గట్టు మెత్తుకుంటున్నాడు.

గురువారం, వాగె

జల్లెడ బాగుంది. గుట్ట అంతా పట్టాను. ఏమీ లేదు.

ఆదివారం, పహింగ్

పాయినెం వచ్చింది. ఖాళీ చేతులతో ఎప్పుడూ రాదు, ఖాళీ చేతులతో ఎప్పుడూ పోదు. సోయాగింజలు పులియబెట్టి చేసిన టెంపే నాలుగు ముక్కలు తెచ్చి, బొప్పాయి ఆకులు ఒక కట్ట కోసుకుంది.

"అక్కా, మీ చెరువు చూసి మా ఆయనకి కూడా పిచ్చి పట్టింది. మా కోళ్ళగూడు పీకి అక్కడ తవ్వుతాడట" అంది.

"తవ్వుకోండి."

"నువ్వేంటి మూతి ముడుచుకున్నావు? ఇంకా పలుకులు లేవా మీకు?"

"ఎవరన్నారు? రోజంతా మాట్లాడుకుంటూనే ఉంటాం."

సరిగ్గా అప్పుడే ఈయన గంప పట్టుకుని వచ్చి, "పెట్టా, చేపలకి వేయడానికి చామాకు కోయొచ్చేమో అడుగు" అన్నాడు. "పెట్టా, ముదురువి కోసుకోమను, లేతవి కూరకి" అన్నాను. పాయినెం నన్నూ, ఆయన్నీ, పెట్టనీ చూసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"మీ పెట్ట బాగా చదువుకుందక్కా! దాన్ని పంచాయతీకి పంపు, రోడ్డు తగువు తీర్చేస్తుంది."

తర్వాత కంచె దగ్గర నిలబడి వాళ్ళాయన్ని పిలిచింది. "సూర్తి వాళ్ళ నాన్నా! కల్లుకుండ దించావా? ఓ సూర్తి వాళ్ళ నాన్నా!" ఈ వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఇదే పిలుపు. పెద్దబిడ్డ పేరు పెట్టి వాళ్ళ నాన్నా, వాళ్ళమ్మా అని. మాకు ముందు పెట్టుకునే పేరు లేదు. అందుకని ఆయన నాకు "ఇదిగో", నేను ఆయనకు "ఇదిగో". మూడు అక్షరాల్లో పని అయిపోతుంది. ఇప్పుడు ఆ మూడూ కూడా ఆదా.

గురువారం, లెగి

నిజం చెప్పుకోవాలి. చెరువు వల్ల లాభమే. దాని నీళ్ళు పోస్తుంటే అరటి గెలలు పెద్దవవుతున్నాయి. కొబ్బరిపీచు, కూర తొక్కలు, చెదపురుగులు, ఏది వేసినా చేప తింటుంది. ఇంట్లో పారేయడానికి అసలు ఏమీ మిగలడం లేదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు కానీ, పోయిన నెల ఈయన దగ్గుకు తగ్గించింది పెరటి అల్లమే.

సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుంటే ఎదురుగా వంకాయలు, వాటి వెనక పొడుగు బొబ్బర్ల పందిరి, ఆ వెనక కొబ్బరిచెట్ల మధ్య వెలుతురు. కాసిన ప్రతి కాయా ఎక్కడ కాసిందో నాకు తెలుసు. ఇంతకంటే కావలసింది ఏముంటుంది? నేను హాయిగా ఉన్నాను.

బావివైపు చూడకుండా కూర్చుంటే ఇంకా హాయిగా ఉంటుంది. పీట అటు తిప్పుకున్నాను.

ఆదివారం, వాగె

రాయడానికేమీ లేదు. వంకాయ పూసింది.

సోమవారం, క్లివోన్

ఈయన తమ్ముడు సుమత్రా దీవిలో, లాంపుంగ్‌లో మిరియాల తోట చేస్తున్నాడు. పొద్దున ఫోను చేశాడు. మాట్లాడటం అయ్యాక ఈయన చాలాసేపు అరుగు మీదే ఉన్నాడు. పెట్ట దగ్గరలో లేదు. లేచి వెళ్ళి, గింజలు చల్లి, దాన్ని పిలుచుకుని వచ్చి కూర్చున్నాడు.

"పెట్టా, తమ్ముడు రమ్మంటున్నాడు. తోటకి మనిషి కావాలట. పనయ్యేదాకా అనుకోకు, అక్కడే ఉండిపోవచ్చు అంటున్నాడు" అన్నాడు. దానికి ఇంకో నాలుగు గింజలు వేశాడు. "ఇక్కడ నాతో ఎవరికీ పని లేదు. నేను తవ్వినదీ ఎవరికీ నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెబితే పూడ్చేద్దును."

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.

"వెళ్ళొద్దని ఎవరైనా అంటే వెళ్ళను పెట్టా."

రాళ్ళు ఏరడం అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఏరాను.

ఎందుకు నచ్చలేదో నేను చెప్పాలా? పాతిన మనిషికి పాతిన చోటు గుర్తులేకపోతే నేను చెప్పాలా?

శుక్రవారం, వాగె

నాకేం కోపం లేదు. వెళ్ళే మనిషిని ఆపడం నా అలవాటు కాదు. ఒక్కరికైతే పావుసేరు బియ్యం చాలు.

మంగళవారం, పోన్

రూవా నెల వచ్చేసింది. ఇళ్ళన్నీ బియ్యప్పిండి పులిసిన వాసన. పోయినవాళ్ళ పేరు చెప్పి ఆపెం అట్లు పోసి పంచుకోవడం, సమాధులు శుభ్రం చేసి పూలు చల్లడం, తర్వాత ఉపవాసాల నెల. వీధిలో ఆడవాళ్ళందరూ ఎవరి దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో చెప్పుకుంటున్నారు. నన్నెవరూ అడగలేదు. నావాళ్ళెవరూ ఆ సమాధుల గుట్ట మీద లేరని తెలుసు కదా.

వచ్చే మంగళవారం క్లివోన్. దాని పుట్టినవారం.

నా మల్లెను ఈయన తవ్వేటప్పుడు వేరు తెగకుండా తీసి బకెట్లో పెట్టాడు. పెద్ద ఉపకారమే. బకెట్లో ఆకులు పసుపెక్కుతున్నాయి. పూలు కోసి ఎక్కడ చల్లను, చేపల మీదా?

శుక్రవారం, లెగి

బుధవారం బస్సుకు వెళతాడట. పెట్టతో చెప్పాడు. చేపలను సూర్తి వాళ్ళ నాన్నకు అప్పజెప్పాడు, చెట్టెక్కి కొబ్బరికల్లు దించడం కూడా. ఎండుకట్టెలు చీల్చి వంటింటి గోడ వెంట పేర్చాడు. చూరు అంటేదాకా పేర్చాడు.

అన్నీ అయ్యాక కుండ దగ్గర నిలబడి, "పెట్టా, నేను లేకపోయినా ఈ కుండలో నీళ్ళు మాత్రం రోజూ ఎవరైనా నింపాలి. ఇంకేమీ అడగను" అన్నాడు.

కుండలో నీళ్ళు! ముప్పై ఏళ్ళ కాపురం వదిలి సముద్రం దాటి పోతున్న మనిషికి చివరిగా గుర్తొచ్చింది కారే కుండ. నా చోటు మీద చేపలు వదిలి, తన కుండకు నీళ్ళు పోయమని నాకు అప్పగింతలు.

ఇవాళ కోపం వచ్చింది. రాస్తున్నాను.

ఆదివారం, పోన్

పాయినెం ఆపెం అట్లు తెచ్చి, బకెట్లో మల్లెను చూసి ఆగింది.

"అక్కా, ఇది చచ్చేలా ఉందే. నేలలో పెట్టవేం?"

"ఎక్కడ పెట్టను?"

"మీ కుండ పక్కన కంటే తడి నేల ఈ ఊరు మొత్తంలో ఉందా? వరి నాటొచ్చు అక్కడ. బావగారు ఎలాగూ వెళుతున్నారుగా, తీసి పక్కన పెట్టు" అంది. గొంతు తగ్గించి, "నిజంగా వెళ్ళనిస్తావా?" అంది.

"ఆయనకి కాళ్ళున్నాయి" అన్నాను.

రేపు టికెట్టు కొనడానికి పట్నం వెళతాడు. ఆ కుండను తీసి పారేసి అక్కడ మల్లె పెడతాను. అత్త మీద కోపం దుత్త మీద చూపడమే ఇది. దుత్త కూడా తక్కువదేం కాదు, పదిహేనేళ్ళుగా నన్ను బురద తొక్కిస్తోంది.

సోమవారం, వాగె

ఈయన వెళ్ళగానే కుండలో నీళ్ళు వంచి వంకాయలకు మళ్ళించాను. కుండను దొర్లించి గోడకు ఆనించాను. కింద రాళ్ళు నాలుగు, వాటి కింద చల్లటి నల్లమట్టి. పారతో నాలుగు దెబ్బలు వేశాను. నా పెరట్లో ఇంత మంచి మట్టి ఉందా అనుకున్నాను. అయిదో దెబ్బకు ఏదో పగిలిన చప్పుడు.

చేత్తో మట్టి తీశాను. పిడతంత మట్టికుండ. మూత రెండు ముక్కలైంది. లోపల మట్టి తప్ప ఏమీ లేదు. మట్టిలో తుప్పు పట్టిన సూది, ఒక పెన్సిల్ ముక్క. కొనకు రేకు తొడుగున్న పొట్టి పెన్సిల్, కండక్టర్లు చెవి మీద పెట్టుకునేది. ఆడపిల్లకు కుట్టుపని రావాలని సూది పెడతారు, చదువు రావాలని రాసేది పెడతారు.

నేను గుమ్మంవైపు తిరిగి చూశాను. గుమ్మం దిగితే ఎడమవైపు.

అక్కడే కూర్చున్నాను. పెట్ట వచ్చి తవ్విన మట్టిలో పురుగులు వెతకబోయింది. తోలేశాను. తర్వాత లోపలికి వెళ్ళి నా అన్నంకుండ మూత తెచ్చి దాని మీద పెట్టాను. సరిపోయింది. మట్టి కప్పాను. రాళ్ళు పెట్టాను. కుండను దొర్లించుకొచ్చి ఎత్తి నిలబెట్టడానికి నా నడుము విరిగింది, అయినా కొంచెం ఒరిగే ఉంది. బావి నుంచి నీళ్ళు తోడి తోడి నింపాను.

ఈయన పొద్దు వాలాక వచ్చాడు. చొక్కా జేబులో టికెట్టు కనిపిస్తోంది. కుండను చూశాడు, ఒరిగి ఉంది. చుట్టూ మట్టి చూశాడు. అక్కడే ఆగిపోయాడు. పెట్ట అప్పటికే గూట్లోకి వెళ్ళిపోయింది.

"కుండ నింపాను" అన్నాను.

"తవ్వావా?" అన్నాడు.

"తవ్వాను. మూత పగిలింది. అన్నంకుండ మూత పెట్టాను."

"మంచి మూత కదా అది. మరి అన్నానికో?"

"అరిటాకు కప్పుతాను."

ఆయన వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను.

"నేను బావి దగ్గరనుకున్నాను. ఇన్నేళ్ళూ" అన్నాను.

"బావి దగ్గరేంటి?"

"మట్టి తిరగేసి ఉంది. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు చూశాను."

ఆయన ఆలోచించాడు. "అక్కడ చామదుంపలు తవ్వానే. పలకరించడానికి వచ్చేవాళ్ళకి ఉడకబెట్టాలని అమ్మ తవ్వమంది."

ఇరవయ్యారేళ్ళు నేను చామదుంపల గుంట మీద పూలు చల్లాను. నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ ముందు వచ్చింది నవ్వే. ఆయన నన్ను చూసి భయపడ్డాడు.

"మల్లెచెట్టంటే నీకు ఇష్టమనుకున్నా" అన్నాడు. "అందుకే వేరు తెగకుండా తీశా. ఆ మల్లె దానికోసమని నాకేం తెలుసు? తెలిస్తే గడ్డపార ముట్టుకునేవాణ్ణా?"

"మీకు గుమ్మం, ఎడమ, ఇవన్నీ తెలుసని నేననుకోలేదు."

"అప్పట్లో మనకున్న గుమ్మం ఇదొక్కటే కదా. ఆ చిన్న కుండని ఒడిలో పెట్టుకుని మా బస్సులోనే తెచ్చాను. ఏంట్రా ఆ మూట అన్నాడు డ్రైవరు. మా అమ్మాయి తోబుట్టువు, దీనికి టికెట్టు లేదన్నాను. దీపం పెట్టాను. పిల్ల పోయాక దీపం తీసేయమంది అమ్మ. తీసేస్తే ఎవరైనా తొక్కుతారని, అందరి గుమ్మాల్లో ఉన్నట్టే పైన ఈ పెద్ద కుండ పెట్టాను. అంతే."

"చెప్పొచ్చు కదా."

"నువ్వు మళ్ళీ అడగలేదు. చెబితే ఏడుస్తావని నేనెత్తలేదు."

"అడిగితే మీరు బాధపడతారని నేనూ అడగలేదు."

ఇంకొంచెం చీకటి పడింది. ఆయన నేలకేసి చూస్తూ, "పేరు కూడా పెట్టాను" అన్నాడు.

నేను ఆయనవైపు తిరిగి కూర్చున్నాను.

"అయిదోనాడు పేరు పెట్టాలి కదా. నువ్వు ఆసుపత్రిలో తెలివి లేకుండా ఉన్నావు. అమ్మకి నచ్చేది కాదు, తల్లి లేకుండా పేరేంటి అనేది. ఒక్కణ్ణే జావ కాచి ఆ దీపం దగ్గర పెట్టి పిలిచాను. కినాంతి అని. చెయ్యి పట్టుకుని నడిపించేది అని అర్థం చెబుతారు కదా. నీకు నచ్చకపోతే..."

"నచ్చింది" అన్నాను.

నచ్చింది. ఇన్నేళ్ళు ఈ మనిషి ఆ పేరును ఒక్కడే మోశాడు. రోజూ సాయంత్రం నీళ్ళు పోస్తూ మోశాడు, నేను పక్కన నిలబడి దుబారా అన్నాను.

ఆయన జేబులోంచి టికెట్టు తీసి అటూ ఇటూ తిప్పాడు. "వాపసు ఇస్తే సగమే ఇస్తారు. నాకు తెలుసు కదా వాళ్ళ రూలు."

"పోతే పోనివ్వండి" అన్నాను.

నేను అలా అనడం విని ఆయన తలెత్తి చూశాడు.

మంగళవారం, క్లివోన్

పొద్దున్నే వీధి వీధంతా కొడవళ్ళూ పూలబుట్టలూ పట్టుకుని గుట్టకు వెళ్ళింది. మేము ఇంట్లోనే ఉన్నాం. ఆయన కుండను సరిగ్గా నిలబెట్టాడు. కుండకు అవతల, నేల కదలని చోట, మల్లె నాటాను. ఉన్న పువ్వులు తొమ్మిదో పదో. అన్నీ చల్లాను. ఆయన దువా చదివాడు. నేను ఆపెం అట్లు పోశాను, కొబ్బరిపాలు చిక్కగా పిండి, రెండో పాలు కలపకుండా. దీపానికి వంటనూనె నిండుగా పోసి పగలే వెలిగించాను. ఆ దీపాన్ని నేను అప్పుడు చూడలేదు కదా. ముప్పై అయిదు రోజులు ఉంచుతాను. నూనె ఎంతవుతుందో లెక్క వేయలేదు.

చెరువును పూడ్చనా అని ఆయన అడిగాడు. చేపలు ఇంకా వేలెడే ఉన్నాయి, పెరగనివ్వండి అన్నాను. పెట్ట ద్వారా కాదు, నేరుగానే అన్నాను. పెట్ట ఇవాళ ఒక గుడ్డు పెట్టింది, దాని పని అది చూసుకుంటోంది.

మధ్యాహ్నం పాయినెం గుట్ట మీద నుంచి వచ్చి గిన్నె కోసం కంచె దగ్గర నిలబడింది. కుండ పక్కన దీపం చూసింది. "మీ ఆయనేడక్కా, బుధవారం బస్సుకి సర్దుకుంటున్నాడా?" అంది.

కినాంతి వాళ్ళ నాన్న చేపలకు మేత వేస్తున్నారని చెప్పాను.